గుమాస్తా జీతం దండగేనా?

ప్రభుత్వాసుపత్రి మాట వస్తే చాలు, "డాక్టర్లు తక్కువ, గుమాస్తాలు ఎక్కువ" అనేస్తాం. ఆఫీసువాళ్ల జీతాలు తగ్గిస్తే ఆ డబ్బుతో మందులు కొనొచ్చు కదా అని మనలో చాలామంది వాదన. నేను దీన్ని ఒప్పుకోలేను.

ఆ మందుల సంగతే చూద్దాం. 1994లో మన చెన్నైలో తమిళనాడు మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్ పెట్టారు. టెండర్లు పిలవడం, మందుల నాణ్యత పరీక్ష చేయించడం, జిల్లా గోదాముల్లో నిల్వ ఉంచడం, ఏ ఆసుపత్రి ఎంత విలువ మందులు తీసుకుందో పాస్‌బుక్కులో రాయడం దాని పని. అంతా ఆఫీసు పనే! రాష్ట్రం మొత్తానికీ ఒకేచోట బేరం చేయడంతో మందులు చవగ్గా దొరికాయి. తర్వాత కేరళ, రాజస్థాన్ కూడా ఇదే దారి పట్టాయి. లెక్కలు రాసేవాళ్ల జీతం ఇక్కడ మందుల డబ్బును మిగిల్చింది.

మన తెలుగునాట 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు ఆసుపత్రుల్లో ఆరోగ్యమిత్రల్ని పెట్టారు. వాళ్లు సూదిమందు వేయరు. ఏ కాగితం కావాలో, ఎవర్ని కలవాలో రోగికి చెప్తారు. ఊరునుంచి వచ్చిన మనిషికి అది చిన్న సాయమా?

అలాగని దుబారా లేదనను. 1999లో అమెరికా వైద్య ఖర్చులో 31 శాతం పరిపాలనకే పోయిందని, కెనడాలో అది 16.7 శాతమేనని ఒక అధ్యయనం తేల్చింది. అమెరికాలో ఎన్నో బీమా కంపెనీలు, ఒక్కోదానికి ఒక్కో ఫారం. కాగితాలు పెరిగితే మనుషులూ పెరుగుతారు మరి.

మన దగ్గర ఆ బరువు ఎక్కువగా పడేది గ్రామ ఆరోగ్య నర్సుల మీద. వాళ్లంతా ఆడవాళ్లే. గర్భిణి వివరాలు రిజిస్టర్లో రాయాలి, మళ్లీ పిక్మీ అనే కంప్యూటర్ నమోదులో ఎక్కించాలి. ఆ నంబరు లేకపోతే బిడ్డ జనన ధ్రువపత్రానికి చిక్కు. కాబట్టి ఆ పని మానలేరు. రాసేందుకు వేరే మనిషి లేకపోతే ఇళ్లకు వెళ్లి తల్లుల్ని చూడాల్సిన సమయమే అందుకు ఖర్చవుతుంది. గుమాస్తా జీతం బడ్జెట్‌లో కనిపిస్తుంది. నర్సు పోగొట్టుకున్న గంట ఏ పద్దులోనూ కనిపించదు.

అందుకే నేననేది ఒకటే. పోస్టులు తగ్గించే ముందు రెండేసిసార్లు రాసే రాతలు తగ్గించండి. మిగిలిన రాతపనికి రాసే మనిషినే పెట్టండి, నర్సును నర్సుగా ఉండనివ్వండి.

మనలో కొందరు గ్రూప్-4 పరీక్షకు చదువుతున్నారు. రేపు ఆరోగ్యశాఖలో జూనియర్ అసిస్టెంట్ కుర్చీలో కూర్చోవచ్చు. అప్పుడు ఆ జీతానికి లెక్క చెప్పాల్సింది మనమే. ఓపీ చీటీ కోసం నిలబడ్డ ముసలమ్మ ఎంత తొందరగా డాక్టరు దగ్గరికి చేరిందన్నదే ఆ లెక్క.