గడ్డ తొలగినా వీడని మౌనం
శస్త్రచికిత్స అనంతర దాంపత్య జీవితంపై కొరవడిన అవగాహన

జూబ్లీహిల్స్: గర్భసంచిలో గడ్డలు. వైద్యుల మాటలో ఫైబ్రాయిడ్లు. నడివయసు మహిళల్లో తరచుగా వినిపించే సమస్య ఇది. శస్త్రచికిత్స చేయించుకుంటే రక్తస్రావం ఆగుతుంది, నొప్పి తగ్గుతుంది. మరి ఆ తరువాతి జీవితం మాటేమిటి? భార్యాభర్తల సాన్నిహిత్యం మునుపటి వలె సాగుతుందా? సాధారణంగా ఈ ప్రశ్నను రోగి అడగదు. వైద్యులు తమంతట తాము ప్రస్తావించడమూ అరుదే. ఆధునిక వైద్యానికి, తెలుగు చిత్ర పరిశ్రమకు నిలయంగా పేరొందిన జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాలకు సైతం ఈ మౌనం వర్తిస్తుంది.

ఒకే కొండ.. రెండు జీవితాలు

1988లో అపోలో ఆసుపత్రి ఆరంభమైనప్పటి నుంచి జూబ్లీహిల్స్ పరిసరాలు కార్పొరేట్ వైద్యానికి కేంద్రమయ్యాయి. పొట్టపై చిన్న రంధ్రాలతో చేసే లాప్రోస్కోపీ మొదలుకొని రోబో సాయంతో చేసే శస్త్రచికిత్స వరకు స్తోమత గలవారికి ఇక్కడ అందుబాటులో ఉన్నాయి. అదే కొండ దిగువన ఫిల్మ్‌నగర్ బస్తీలు, కృష్ణానగర్ ఇరుకు గదులు ఉన్నాయి. జూనియర్ ఆర్టిస్టులు, డ్యాన్సర్లు, కాస్ట్యూమ్ విభాగంలో పనిచేసేవారు, షూటింగ్ వద్ద గిన్నెలు కడిగేవారు నివసించేది అక్కడే. షూటింగ్ ఉన్న రోజే వీరికి కూలి.

పొట్ట కోసి గర్భసంచి తొలగిస్తే కోలుకునేందుకు ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. లాప్రోస్కోపీ అయితే సాధారణంగా మూడు, నాలుగు వారాలు సరిపోతాయి. దినకూలీపై బతికేవారికి ఇన్ని వారాలు పని మానడమంటే పొయ్యి ఆరిపోవడమే. గడ్డలు మాత్రమే తీయించుకుంటే అవి మళ్లీ వచ్చే అవకాశం ఉంటుంది. అందుకే 'ఒకేసారి సంచి తీసేయండి, ఈ బాధ మళ్లీ వద్దు' అనే నిర్ణయానికి పలువురు త్వరగా వచ్చేస్తారు. ఈ నిర్ణయాన్ని అజ్ఞానమని కొట్టివేయలేం. అయితే అది అన్ని వివరాలూ తెలిసి తీసుకున్న నిర్ణయమేనా అన్నదే ప్రశ్న.

తెలుగు నేలపైనే అధికం

2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఈ ప్రశ్నకు గల తీవ్రతను బయటపెట్టింది. 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తొలగించుకున్నవారు దేశవ్యాప్తంగా 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతంగా తేలారు. దేశంలో జరిగిన ఈ శస్త్రచికిత్సల్లో దాదాపు మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగినవే. అంతకుముందు 2009లో హైదరాబాద్‌కు చెందిన వైద్యులు కామేశ్వరి, వింజమూరి ప్రకాష్ నాటి మెదక్ జిల్లాలో చేసిన అధ్యయనంలోనూ నలభై ఏళ్లు నిండకుండానే గర్భసంచి కోల్పోయిన వారే ఎక్కువగా కనిపించారు. ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ పథకం 2007లో ఆరంభమైన తరువాత ఈ శస్త్రచికిత్సలపై విమర్శలు చెలరేగాయి. దీంతో అప్పటి ప్రభుత్వం వీటిని ప్రభుత్వాసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది.

నిజానికి గడ్డలన్నిటికీ కత్తి అవసరం లేదు. బాధ కలిగించని గడ్డలను గమనిస్తూ ఉంటే చాలు. ముట్లు ఆగిపోయాక అవి సాధారణంగా కుంచించుకుపోతాయి. ఇటువంటి గడ్డ క్యాన్సర్‌గా తేలడం నూటికి ఒకటి కంటే తక్కువ. అయినా 'వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది' అన్న భయమే ఎందరినో శస్త్రచికిత్స బల్లపైకి చేరుస్తోంది.

పరిశోధనలు చెబుతున్నదేమిటి?

శస్త్రచికిత్స తరువాత దాంపత్య సుఖం పోతుందన్న అపోహ మన సమాజంలో బలంగా ఉంది. శాస్త్రీయ ఆధారాలు దీనికి భిన్నంగా ఉన్నాయి. అమెరికాలోని మేరీల్యాండ్‌లో గర్భసంచి తొలగించుకున్న వెయ్యి మందికి పైగా మహిళలను రెండేళ్ల పాటు పరిశీలించి 1999లో ఫలితాలు వెల్లడించారు. కలయికలో తరచూ నొప్పితో బాధపడేవారు శస్త్రచికిత్సకు ముందు 18.6 శాతం ఉండగా, రెండేళ్ల తరువాత వారి సంఖ్య 3.6 శాతానికి పడిపోయింది.  అయితే ముందు నుంచే మానసిక కుంగుబాటుతో ఉన్నవారికి తరువాత కూడా ఇబ్బందులు ఎక్కువగా ఎదురైనట్లు అదే అధ్యయనం గుర్తించింది.

గర్భసంచిని కాపాడుకోదలచిన వారికీ మార్గాలున్నాయి. గడ్డలను మాత్రమే తీసే మయోమెక్టమీ ఒకటి. గడ్డకు రక్తం అందించే నాళాలను మూసివేసే ఎంబోలైజేషన్ మరొకటి. బ్రిటన్‌లో 254 మందిపై ఈ రెంటినీ పోల్చి 2020లో ఫలితాలు ప్రకటించారు. నూరు మార్కుల జీవన నాణ్యతా కొలమానంపై రెండేళ్ల అనంతరం మయోమెక్టమీ చేయించుకున్న వారికి సగటున 84.6, ఎంబోలైజేషన్ చేయించుకున్న వారికి 80 మార్కులు వచ్చాయి. లైంగిక జీవితం గురించిన ప్రశ్నలూ ఆ కొలమానంలో భాగమే. రెండు చికిత్సలతోనూ జీవితం మెరుగుపడింది. మొదటిది కొంత ముందంజలో నిలిచింది.

అసలు చిక్కు అండాశయాలతోనే

గర్భసంచితో పాటు అండాశయాలనూ తొలగిస్తే పరిస్థితి మారిపోతుంది. ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. ఒళ్లంతా వేడి ఆవిర్లు, నిద్రలేమి, యోని పొడిబారడం, కోరిక సన్నగిల్లడం మొదలవుతాయి. కాలక్రమంలో ఎముకలు గుల్లబారతాయి, గుండెకు ముప్పు పెరుగుతుంది. ముప్పై అయిదేళ్ల మహిళకు ఇది అకాల వార్ధక్యమే. 'సంచి తీశాక సుఖం లేదు' అన్న ఫిర్యాదుకు చాలా సందర్భాల్లో మూలం ఇక్కడే ఉంది. గడ్డల కోసం చేసే శస్త్రచికిత్సలో ఆరోగ్యవంతమైన అండాశయాలను తీయవలసిన అవసరం సాధారణంగా ఉండదు. తప్పనిసరై తీస్తే హార్మోన్ చికిత్స గురించి వైద్యుడితో చర్చించాలి. పొడిబారడానికి జెల్‌లు, పూతమందులు ఉన్నాయి.

అండాశయాలు మిగిలిన వారికి సాధారణంగా ఆరు వారాల అనంతరం, లోపలి గాయం మానిందని వైద్యులు నిర్ధారించాక దాంపత్య జీవితం తిరిగి ఆరంభించవచ్చు. తొలి రోజుల్లో కొంత భయం, బిగుతు సహజం. కొద్దిమందికి అనుభూతిలో తేడా తెలియవచ్చు. ఈ దశలో భర్త ఓర్పు మందుతో సమానం. భార్యకు విశ్రాంతి అవసరమని అతనికి చెప్పేవారుంటారు గానీ, ఆమెకు సాన్నిహిత్యం కూడా అవసరమని చెప్పేవారు కరవు.

సంతకం ఎవరిది?

తెలుగు సినిమాల్లో ఆపరేషన్ థియేటర్ తలుపు తెరుచుకోగానే డాక్టరు బయటకు వచ్చి భర్తతోనో, తండ్రితోనో మాట్లాడతారు. లోపలున్న స్త్రీతో సంభాషణ ఉండదు. ఆసుపత్రి వాస్తవమూ తరచూ ఇలాగే సాగుతోంది. అంగీకార పత్రంపై ఆమె వేలిముద్రో సంతకమో ఉంటుంది, నిర్ణయం మాత్రం వరండాలో జరిగిపోతుంది.

అనవసరంగా గర్భసంచులు తొలగిస్తున్నారంటూ 2013లో దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యంపై సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పునిచ్చింది. కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. పూర్తి వివరాలు తెలిపి సమ్మతి పొందకుండా అనవసర శస్త్రచికిత్సలు చేసే ఆసుపత్రులను నిషేధిత జాబితాలో చేర్చాలని స్పష్టం చేసింది. తీర్పు బాగానే ఉంది. అయితే సమ్మతి అంటే కాగితంపై గీసే గీత కాదు, ఆమెకు అర్థమయ్యే తెలుగులో జరిగే సంభాషణ.

ఆ సంభాషణకు పెద్ద ఖర్చు లేదు. నాకు ఆపరేషన్ తప్పనిసరా? గడ్డ మాత్రమే తీయవచ్చా? అండాశయాలు ఉంచుతారా? మా దాంపత్య జీవితం ఎప్పటి నుంచి, ఎలా ఉంటుంది? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులను డిశ్చార్జి కాగితంలో మందుల జాబితాతో పాటే రాసి ఇవ్వవచ్చు. బస్తీ దవాఖానాలో వారిని పరీక్షించే సిబ్బంది కూడా వీటిని అడిగి తెలుసుకోవచ్చు. కొండ మీది మేడలోని మహిళకైనా, కృష్ణానగర్ గదిలోని జూనియర్ ఆర్టిస్టుకైనా గడ్డ ఒక్కటే, శరీరం ఒక్కటే. వివరం తెలుసుకునే హక్కు మాత్రం వారి స్తోమతను బట్టి మారకూడదు.