జీవశాస్త్ర విద్యార్థియు, వానిని చేరని ధనమును

వైద్యకళాశాలలో సీటు దొరకక బి.ఎస్సీ.లో చేరిన బైపీసీ విద్యార్థిని ఓడి వచ్చినవానిగా చూచు అలవాటు మన ఇండ్లలో ఎంత బలపడినదనగా, వృక్షశాస్త్రమో జంతుశాస్త్రమో చదువువానికై ప్రభుత్వము ధనము కేటాయించినదన్న మాట వాని చెవిని వేయవలెనని ఇంట గాని కళాశాలలో గాని ఎవరికిని తోచదు. ఇంజనీరింగు విద్యార్థికి బ్యాంకు అప్పు మార్గము చెప్పుటకు పదిమంది గలరు. వీనికి బీఈడీ చేయుమని సలహా యిచ్చు బంధువులు మాత్రమే గలరు.

కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖవారు 2008లో ఆరంభించిన ఇన్‌స్పైర్ పథకమునందలి ఉన్నతవిద్యా ఉపకారవేతనము ఏటికి 80,000 రూపాయలు. అందు 60,000 విద్యార్థి ఖర్చులకు, తక్కిన 20,000 వేసవిలో ఒక శాస్త్రజ్ఞుని పర్యవేక్షణమున చేయవలసిన పరిశోధనకు. ఇంటర్మీడియట్‌లో తన బోర్డునందు నూటికి ఒక్కరుగా పై వరుసలో నిలిచి, మౌలికశాస్త్రములలో డిగ్రీకి చేరినవారు దీనికి అర్హులు. వృక్ష, జంతు, జీవరసాయన, సూక్ష్మజీవశాస్త్రములును, మానవశాస్త్రమును ఆ జాబితాలో గలవు. వైద్యము లేదు, ఇంజనీరింగు లేదు. వైద్య ప్రవేశపరీక్షలో మొదటి పదివేల ర్యాంకులలో నిలిచి బి.ఎస్సీ.కి వచ్చినవారికిని అర్హత కలదని నియమము ఉదారముగా పలుకుచున్నది. అట్టి ర్యాంకు చేతబట్టుకొని బి.ఎస్సీ. చదివెదనను బిడ్డను సరేయని పంపు తల్లిదండ్రులు తెలుగునాట ఏ ఊర నున్నారో చూడవలెనని నాకు మిక్కిలి కుతూహలము. కళాశాలలు ఆకర్షణకై కోర్సులకు క్రొత్త క్రొత్త పేర్లు పెట్టుచున్న యీ దినములలో, తాను చేరబోవు కోర్సు పేరు ఆ జాబితాలో నున్నదో లేదో ఫీజు కట్టుటకు ముందే చూచుకొనుట మేలు.

అంతటి మార్కులు రానివారికి కేంద్ర విద్యాశాఖవారి ఉపకారవేతనము మరియొకటి కలదు. బోర్డు పరీక్షలో 80వ పర్సంటైల్‌కు పైబడి, కుటుంబాదాయము నాలుగున్నర లక్షలకు మించనివారికి డిగ్రీలో ఏటికి 12,000, పై చదువులో 20,000 రూపాయలు. దేశమంతటికి కలిపి ఏటేట 82,000 మందికి క్రొత్తగా మంజూరగును. అందు సగము బాలికలకు. అయితే ఫీజు రీయింబర్స్‌మెంటు పొందువాడు దీనిని పొందరాదు. ఏది లాభమో లెక్క చూచుకొని కోరుకొనవలెనేగాని, మీసేవలో ముందు దొరికిన ఫారము నింపి వచ్చుట తెలివి కాదు. రీయింబర్స్‌మెంటు కళాశాల ఫీజుకు సరిపోవునేమో. హాస్టలు మెస్సు బిల్లును, రికార్డు పుస్తకములను, హెర్బేరియమునకు మొక్కలు సేకరింప అడవికి పోవు ఛార్జీలను అది ఎరుగదు. అది ఆలస్యమైనప్పుడు బకాయి పేర సర్టిఫికెట్లు బీరువాలో బిగబట్టు కళాశాలల మాట వేరే చెప్పనేల!

ప్రభుత్వధనము లేని కాలమున మనవారు ఏమి చేసిరని అడుగువారికి జీవరసాయన శాస్త్రజ్ఞుడు యల్లాప్రగడ సుబ్బారావు ప్రయాణము చెప్పవలెను. 1895లో భీమవరమున జన్మించిన యీయన 1922లో చదువుకై అమెరికాలోని బోస్టను నగరము చేరినది మామగారు సమకూర్చిన సొమ్ముతోడను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ యిచ్చిన మాట బలముతోడను. ఆ నిధికి మూలపురుషుడు రంగూనులో వర్తకము చేసి గడించినవాడు, శాస్త్రజ్ఞుడు కాడు. అంతటి అండ యున్నను సుబ్బారావు అచట ఆసుపత్రిలో రాత్రివేళ పరిచారకుని పని చేసి పొట్ట పోసికొనవలసి వచ్చినది. మూడేండ్లకు, 1925లో, అచటి సహపరిశోధకుడు ఫిస్కేతో కూడి ఆయన ప్రకటించిన భాస్వర పరిమాణ నిర్ణయపద్ధతి జీవరసాయనశాస్త్ర విద్యార్థులకు నేటికిని పాఠమే. కష్టము ఆయనను గొప్పవానిని చేసినదని వ్యాసములు వ్రాయువారు గలరు. నాకు ఆ వాదము రుచింపదు. బెడ్‌పాన్లు కడిగిన రాత్రులు ప్రయోగశాలకు దక్కి యున్నచో ఏమగునో ఎవరు చెప్పగలరు? ఉపకారవేతనము దయాధర్మమని తలచువారు మరచునది యిదియే: విద్యార్థికి దానివలన లభించునది కాలము. అటువంటి ధర్మనిధులు మన జిల్లాలలో ఇప్పటికిని లేకపోలేదు. వానికి ప్రకటనలుండవు, అడిగి తెలిసికొనవలెను.

మొత్తము చిన్నదైనను నేను అన్నిటికన్న మిన్నగా నెంచునది బెంగుళూరు, ఢిల్లీ, ప్రయాగలలోని మూడు విజ్ఞాన అకాడెమీలు కలిసి యిచ్చు వేసవి పరిశోధక భృతి. పల్లెటూరి కళాశాలలో ఒక్క మైక్రోస్కోపు చుట్టు ఇరువదిమందిలో ఒకతెగా క్రిక్కిరిసి నిలిచిన బాలిక, రెండు మాసములు హైదరాబాదులోని సీసీఎంబీ వంటి జీవశాస్త్ర పరిశోధనాసంస్థలో ఒక శాస్త్రజ్ఞుని చెంత పని చేయుటకు, రైలు ఖర్చులతో కూడ, వీలు కల్పించునది యిది. వేసవి ముచ్చటయైనను దరఖాస్తు చలికాలమునకు ముందే పంపవలెను. అధ్యాపకుడొకడు ఆమె గురించి సిఫారసు వ్రాయవలెను. తానేమి పని చేయగోరుచున్నదో ఆమె ఒక పుటలో ఆంగ్లమున చెప్పవలెను. మన పిల్లలు ఆగిపోవునది ఈ పుటకడనే. తెలుగు మాధ్యమమున చదివి వచ్చిన బాలిక చేత ఆ పుటను నాలుగుమారులు వ్రాయించి దిద్దు ఓపిక గల అధ్యాపకుడు ఎన్ని కళాశాలలలో గలడు?

కళాశాలలకు గ్రేడులిచ్చు న్యాక్ బృందము వచ్చు దినమున ఉపకారవేతనముల పట్టికను రంగురంగుల ఫైలులో బల్లపై నుంచు ప్రిన్సిపాళ్లు, జీవశాస్త్ర విభాగమున ఒక అధ్యాపకునికి వారమునకు రెండు పీరియడ్లు తగ్గించి వానిని విద్యార్థులకు చేర్చు పని అప్పగింపవచ్చును. పై వరుస నూటికొక్కరికి అర్హతయగు మార్కుల హద్దును ఇంటర్ బోర్డు ప్రకటించిన దినముననే దానిని నోటీసు బోర్డుపై అంటించుట, ఆదాయ ధ్రువపత్రము తహసీలు కార్యాలయమునుండి ఎన్నాళ్లకు వచ్చునో ముందే చెప్పుట, గడువు తేదీకి పదునైదు దినములు ముందుగా తరగతికి పోయి పేరు పేరున అడుగుట: ఆయన చేయవలసిన పని యింతే. దీనికి క్రొత్త జీవో అక్కరలేదు.