17 వస్తే రోగమేనా?

నేను దర్శిలో రక్తపరీక్షల ల్యాబు నడుపుతాను. ఈ మాట నా గల్లాపెట్టెకు గిట్టేది కాదు గానీ, ఒంట్లో ఏ బాధా లేని మనిషికి విటమిన్ డి పరీక్ష అక్కర్లేదు.

ఇప్పుడు ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీ అంటే అందులో అది ఉండాల్సిందే. షుగరు, కొలెస్ట్రాల్ ఇక్కడే చూస్తాం. విటమిన్ డికి నా దగ్గర మిషన్ లేదు. సీరం విడదీసి ఐస్ పెట్టెలో పెద్ద ఊరికి పంపుతాను. 20కి తగ్గితే లోపం, 30కి తగ్గితే చాలదు అని రిపోర్టు అచ్చై వస్తుంది.

"అన్నా, నాకు 17 అంట. ఎముకలు గుల్లబారినట్టేనా?" అని మిరప కోతలకు పోయే ఒకావిడ అడిగింది. పొద్దంతా చేలో ఉండే మనిషి. కాకపోతే మా వైపు ఆడకూలీలు చీర మీద పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, తలకూ మూతికీ తువ్వాలు చుట్టుకుని కోస్తారు. ఘాటుకూ ఎండకూ అదే అడ్డం. ఇక ఎండ ఒంటికి తగిలేదెక్కడ?

ఆవిడ ఒక్కతే కాదు. తిరుపతి స్విమ్స్‌లో పనిచేసిన డాక్టర్ సి.వి. హరినారాయణ్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో పల్లె ఆడవాళ్లలో నూటికి 70 మంది, మగవాళ్లలో 44 మంది 20కి లోపే ఉన్నారు. అంతా ఆరోగ్యవంతులే. వాళ్ల తిండిలో కాల్షియం తక్కువని కూడా అదే అధ్యయనం చెప్పింది. ఆ సంగతి ఏ ప్యాకేజీలోకీ ఎక్కలేదు.

అసలీ 20 ఎక్కడిది? 2011లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ కట్టిన లెక్క. నూటికి 97 మందికి పైగా సరిపోయే మట్టం అది. సగం మందికి 16 చాలు. 17 ఉన్నంత మాత్రాన రోగమని దానర్థం కాదు. 30 అన్నది అదే ఏడాది ఎండోక్రైన్ సొసైటీ పెట్టింది. 2024లో ఆ సొసైటీయే ఈ గీతలన్నీ వదిలేసి, ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు మామూలుగా ఈ పరీక్ష వద్దంది. మన కాగితాల మీద ఇంకా పాత గీతలే.

అమెరికాలో దాదాపు 26 వేల మందిలో సగానికి రోజుకు 2000 యూనిట్ల విటమిన్ డి ఇచ్చి ఐదేళ్లు చూశారు. క్యాన్సర్ రావడం గానీ గుండెజబ్బు గానీ ఎముకలు విరగడం గానీ తగ్గలేదు. ఇక్కడేమో 60,000 యూనిట్ల పొట్లం కోర్సు అయిపోయాక కూడా, బలం వస్తుందని పాలల్లో కలుపుకు తాగేవాళ్లున్నారు. మోతాదు మీరితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు చెడతాయి.

మూత్రపిండాల జబ్బున్నవాళ్లు, మూర్ఛ మందులు వాడేవాళ్లు, ఎముకలు మెత్తబడ్డవాళ్ల సంగతి వేరు. డాక్టరు రాస్తే చేయించుకోవాల్సిందే.

మా ప్రాంతంలో కీళ్లు, నడుము పట్టేస్తున్నాయంటే నాకు ముందు అనుమానం నీళ్ల మీదే. నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలను పట్టే ఫ్లోరోసిస్ మన దేశంలో మొదట వెలుగులోకి వచ్చింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. దర్శి, పొదిలి, కనిగిరి ఆనాడు ఆ జిల్లావే. ప్యాకేజీ రాయించుకోడానికి వచ్చినవాళ్లను నేను ముందడిగేది, ఇంట్లో తాగేది బోరు నీళ్లా అని. అవునంటే సీసాడు నీళ్లు గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుకు పట్టుకెళ్లమంటాను. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు.