రావద్దన్న ఊరే రమ్మని పిలిచింది

1972లో ఉగాండా నియంత ఇదీ అమీన్ ఆసియా కుటుంబాలను తొంభై రోజుల్లో దేశం విడిచి పొమ్మన్నాడు. అప్పుడు ఇంగ్లండ్‌లోని లెస్టర్ నగరపాలక మండలి ఉగాండా పత్రికలో ఒక ప్రకటన వేయించింది. మా దగ్గర ఇళ్లు లేవు, బడుల్లో చోటు లేదు, మీ మేలు కోరే చెబుతున్నాం, లెస్టర్‌కు రావద్దు అన్నది దాని సారాంశం. అయినా వేలమంది లెస్టర్‌కే చేరారు. ముప్పై ఆరేళ్ల తర్వాత, 2008లో, అదే నగరానికి మంజులా సూద్ లార్డ్ మేయర్ అయ్యారు. ఆమె 1970లో పంజాబ్ నుంచి వెళ్లి అక్కడ టీచరుగా పనిచేశారు, తర్వాత కౌన్సిలర్‌గా గెలిచారు. బ్రిటన్‌లో ఆ పదవి చేపట్టిన తొలి ఆసియా మహిళ ఆమే. వలస వచ్చినవాళ్లను గడప బయటే ఆపాలని చూసిన ఊరు, ఆ గడప దగ్గర నిలబడి అందరినీ లోపలికి పిలిచే బాధ్యతను ఒక వలస మహిళ చేతికే ఇచ్చింది. పదవుల గురించి నేను చదివిన కథల్లో నన్ను ఇంతగా కదిలించింది మరొకటి లేదు.

లార్డ్ మేయర్ పదవికి మనకు తెలిసిన అధికారమేదీ లేదు. లెస్టర్‌లో పాలనంతా 2011 నుంచి ప్రజలు నేరుగా ఎన్నుకునే సిటీ మేయర్‌ది. నిధులు, ప్రణాళికలు ఆయన బల్ల మీదికే వెళ్తాయి. లార్డ్ మేయర్‌ను మాత్రం తోటి కౌన్సిలర్లు ఏటా తమలోంచే ఎన్నుకుంటారు. 1928 నుంచి ఆ నగరానికి ఈ గౌరవం ఉంది. పదవీకాలం ఒక్క ఏడాది. కౌన్సిల్ సమావేశాలకు అధ్యక్షత వహించాలి, ఆ ఏడాదంతా పార్టీ కండువా పక్కన పెట్టాలి, ఊరి తరఫున అతిథులను ఆదరించాలి. పని అంతే. పెళ్లింట గుమ్మంలో నిలబడి, వచ్చిన ప్రతి ఒక్కరినీ పేరుపెట్టి పలకరించే పెద్దదిక్కు లాంటి పదవి ఇది. వంట ఆయన చేయడు, ఖర్చు ఆయన పెట్టడు, కానీ ఆయన పలకరించకపోతే వచ్చినవాడికి విందు రుచించదు.

మే నెలలో మెడలో పదవీ చిహ్నమైన గొలుసు పడిన దగ్గరి నుంచి మళ్లీ మే వచ్చేదాకా ఆ ఏడాది ఎలా నడుస్తుందో చూడండి. ముందు కొన్ని సేవాసంస్థలను ఎంచుకుని, ఏడాది పొడవునా వాటికి విరాళాలు పోగుచేస్తారు. దీపావళికి గుజరాతీ దుకాణాలతో నిండిన బెల్‌గ్రేవ్ రోడ్డులో దీపాల పండగ. నవంబరులో రెండో ఆదివారం, యుద్ధాల్లో చనిపోయిన సైనికుల స్మరణ. వాస్తుశిల్పి ల్యూటెన్స్ రూపకల్పన చేయగా 1925లో విక్టోరియా పార్కులో ఆవిష్కరించిన స్మారక తోరణం దగ్గర పుష్పగుచ్ఛం ఉంచుతారు. జనవరి 27న నాజీల మారణహోమం మృతుల సంస్మరణ. వీటి మధ్య బడులు, వృద్ధాశ్రమాలు, చర్చిలు, మసీదులు, గురుద్వారాలు, గుడులు. ఒకే మనిషి, ఒకే గొలుసుతో ఇన్ని గుమ్మాలు తొక్కుతున్నప్పుడు ఈ ఇళ్లన్నీ ఒకే ఊరివని వేరే చెప్పక్కర్లేదు.

మనవాళ్లకు బాగా తెలిసిన తంతు మరొకటి ఉంది. 2004 నుంచి బ్రిటన్ పౌరసత్వం తీసుకునేవారు స్థానిక కౌన్సిల్ జరిపే సభలో నిలబడి ప్రమాణం చేయాలి. చాలాచోట్ల ఆ ఊరి మేయరే వచ్చి, చేయి కలిపి, ధ్రువపత్రం అందిస్తారు. అక్కడి ఆసుపత్రుల్లో పనిచేసే తెలుగు డాక్టర్లు, సాఫ్ట్‌వేర్ కుటుంబాలు ఎందరో ఆ సభల్లో నిలబడినవాళ్లే. వీసా కాగితాల కోసం ఏళ్ల తరబడి పడిగాపులు పడ్డ మనిషికి ఊరు మొదటిసారి నోరు తెరిచి స్వాగతం చెప్పేది అక్కడే.

ఇదంతా ఆడంబరమని, నిధులకు కటకటలాడే కౌన్సిళ్లకు గొలుసులు, గౌన్లు, విందులు దేనికని అనేవారు బ్రిటన్‌లోనూ ఉన్నారు. వాళ్ల మాటలో నిజముంది. మర్యాదలు చేసినంత మాత్రాన ఊళ్లో గొడవలు ఆగవు కూడా. 2022లో భారత్–పాకిస్థాన్ క్రికెట్ మ్యాచ్ తర్వాత రాజుకున్న ఉద్రిక్తత లెస్టర్‌లో వీధికెక్కింది. హిందూ, ముస్లిం యువకులు గుంపులుగా ఎదురెదురు నిలిచారు. అన్నేళ్ల పండగలు, పలకరింపులు దాన్ని ఆపలేకపోయాయి. కానీ కొద్దిరోజులకే రెండు మతాల పెద్దలూ ఒక మసీదు మెట్ల మీద కలిసి నిలబడి శాంతి ప్రకటన చదివారు. కష్టం వచ్చిన రోజున పక్కపక్కన నిలబడాలంటే మామూలు రోజుల్లో ఒకరింటికి ఒకరు వెళ్లి ఉండాలి. ఆ రాకపోకలకు ఊరి పేరిట దారి వేసేవాళ్లు ఒకరు కావాలి. లార్డ్ మేయర్ ఏడాది విలువను నేను అక్కడ చూస్తాను, గొలుసులో ఎంత బంగారం ఉందన్న దానిలో కాదు.

మన నగరాల సంగతి చూద్దాం. మన మేయర్లకూ, మునిసిపల్ ఛైర్‌పర్సన్లకూ వేడుకలకు కొదవ లేదు. శంకుస్థాపనలు, ప్రారంభోత్సవాలు, శాలువాలు, బొకేలు, ఫ్లెక్సీలు. అయితే వీటన్నింటిలో వాళ్లు సన్మానం అందుకునేవాళ్లు, ముఖ్య అతిథులు. ఊరి తరఫున ఎవరినైనా పిలిచి కూర్చోబెట్టి మర్యాద చేయడం ఎంత అరుదో మనకు తెలుసు. అసలు అధికారం కమిషనర్ దగ్గరే ఉందని వాళ్ల ఆవేదన. 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ స్థానిక సంస్థలకు చూపిన ఆశ ఇంకా తీరలేదు కాబట్టి ఆ ఆవేదన న్యాయమైనదే. ఆ పోరాటం సాగాల్సిందే. కానీ పిలిచే అధికారానికి ఏ జీవో అక్కర్లేదు.

తెల్లవారకముందే రోడ్లు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికులను ఏడాదికి ఒక్కసారైనా కౌన్సిల్ హాల్లో, కార్పొరేటర్లు కూర్చునే కుర్చీల్లో కూర్చోబెట్టి భోజనం పెట్టొచ్చు. సర్కారు బడి పిల్లలను పిలిచి, ఊరు ఎలా నడుస్తుందో మేయరే స్వయంగా చెప్పొచ్చు. శ్రీకాకుళం నుంచి, పాలమూరు నుంచి, ఒడిశా, బిహార్‌ల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లే మన నగరాల్లో మేడలు కడుతున్నారు. వాళ్ల బస్తీకి ఓట్లతో పనిలేని రోజున వెళ్లి, మీరు ఈ ఊరివాళ్లే అని ఒక్క మాట చెప్పొచ్చు. రంజాన్‌కూ, క్రిస్మస్‌కూ, బతుకమ్మకూ పార్టీ కండువా తీసేసి వెళ్లొచ్చు. ఏ నెలలో ఎవరిని కలుస్తారో పదవి చేపట్టిన రోజే ప్రకటించి, ఏడాది చివర ఎవరిని కలిశారో జనానికి చెప్పొచ్చు. దీనికయ్యే ఖర్చు ఒక స్వాగత తోరణం ఖర్చును మించదు.

ఊరంటే రోడ్లూ, కాలువలూ, పన్నులూ మాత్రమే అయితే దాన్ని నడపడానికి అధికారులు చాలు. ఈ ఊరు మనది అని అందులో ఉండే ప్రతి మనిషికీ అనిపించాలంటే మాత్రం, ఆ మాట ఊరి నోటితో చెప్పేవాళ్లు కావాలి. ఈ పని కింది స్థాయి ఉద్యోగికి అప్పగించేది కాదు, ప్రథమ పౌరులే చేయాల్సింది. మన మేయర్లు పదవిలో ఉండే ఏళ్లలో ఒక్క ఏడాదినైనా దీనికి కేటాయించాలని నా విన్నపం. రేపు ఎన్నికయ్యేవారిని ఈ మాట అడగాల్సింది మనమే.