ముందు సంపద, పిమ్మట ఆరోగ్యమా?

దేశము సంపన్నమైనచో జననములు వాటంతట అవియే తగ్గుననియు, అంతవరకు సంతానమును గూర్చియు శిశువుల ఆరోగ్యమును గూర్చియు ప్రభుత్వములు పడు పాటు వృథాశ్రమయనియు వాదించువారు నేటికిని పెక్కురు గలరు. 1974లో బుకారెస్టు నగరమున జరిగిన ప్రపంచ జనాభా మహాసభలో, మన ఆరోగ్యమంత్రి కరణ్ సింగ్ అభివృద్ధియే ఉత్తమ గర్భనిరోధకమని పలికిన నాటనుండియు ఈ మాట వేదవాక్యమై చెల్లుచున్నది. దీనిని నేనంగీకరింపజాలను.

1971 వరకు ఒకే రాజ్యముగా నుండిన పాకిస్తాను, బంగ్లాదేశములను చూడుడు. విడిపోయిన పిమ్మట నాలుగు దశాబ్దములు తలసరి ఆదాయమున పాకిస్తానుదే పైచేయి. అయినను, 1970లలో స్త్రీకి ఆరుగురికి మించి బిడ్డలు పుట్టుచుండిన బంగ్లాదేశమున 2011 నాటికి ఆ సంఖ్య 2.3కు దిగగా, పాకిస్తానులో మూడున్నరకు పైననే నిలిచినది.

ఇది ఎట్లు జరిగెనో బంగ్లాదేశములోని మత్లబ్ గ్రామములలో తెలియును. 1977లో పరిశోధకులు ఆ ప్రాంతమును రెండుగా విభజించి, ఒక భాగమున చదువుకొన్న స్థానిక స్త్రీలను నియమించి, గడప దాటి రాలేని ఇల్లాండ్రయొద్దకే పక్షమునకొకసారి పంపి, మాత్రలును సూదిమందులును ఇప్పించి, వానివలన కలుగు బాధలను ఓపికతో విచారింపజేసిరి. రెండవ భాగమును మామూలు ప్రభుత్వ సేవలకే విడిచిరి. ఇరువైపుల పేదరికమొక్కటియే, వరదలొక్కటియే. అయినను మొదటి భాగమున రెండేండ్లు నిండకముందే దాదాపు మూడవ వంతు దంపతులు గర్భనిరోధక సాధనములను స్వీకరించిరి, జననములును అచ్చటనే వేగముగ తగ్గెను. బట్టల కర్మాగారములును ఆడపిల్లల చదువును తోడుపడలేదని నేననను; కాని అవి విస్తరించుటకు ముందే ఈ మార్పు మొదలైనది.

ఆరోగ్య విషయమునను ఇట్లే. 1980 నుండి బంగ్లాదేశపు స్వచ్ఛంద సంస్థయగు బ్రాక్ కార్యకర్త్రులు ఇంటింటికి పోయి, మూడు వ్రేళ్ళ చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లము, అరసేరు నీరు కలుపుట నేర్పి, తల్లులచేతనే కలిపించి సరిచూచిరి. అతిసారమున శోషించు బిడ్డను నిలుపు ఈ విద్యకు జాతీయాదాయము పెరుగువరకు ఆగవలసిన పని లేకపోయెను.

మరి సంపద మాట? 1967లో చమురు ఎగుమతి ఆరంభించి ఐశ్వర్యవంతమైన ఒమానున 1980ల తొలినాళ్ళలో స్త్రీకి ఎనమండుగురు బిడ్డలు!

సంపదయే ముందను సిద్ధాంతమును అడ్డుపెట్టుకొని గ్రామ ఆరోగ్య కార్యకర్త్రుల జీతమును రాబోవు బడ్జెట్టుకు వాయిదా వేయు ప్రభుత్వములు, ఆ ఏడాదిలోపల ఉప్పు నీరైనను అందక అతిసారముతో పోయిన పసివాండ్రకు ఏమని సమాధానము చెప్పగలవు?