మారియో ఆడితే చెడిపోయినట్టేనా?



సిద్దిపేటలో హాస్టల్‌ల ఉండి డిగ్రీ చదువుతున్న పోరగాళ్లం రాస్తున్నం. మా ఇండ్లల్ల కాలేజీ మెట్లు ఎక్కింది మేమే మొదలు. పోస్టు జర పొడుగైతది. మొత్తం చదివినంకనే తిట్టుండ్రి.

పోయిన ఆదివారం రాత్రి మెస్సుల తిన్నంక, ఊరి నుంచి తెచ్చిన పాత టీవీ గేమ్ డబ్బాను హాల్లో టీవీకి పెట్టి సూపర్ మారియో ఆడినం. ఎవరో ఫోటో తీసి ఈ గ్రూపుల పెట్టిండ్రు. ఇగ మొదలైంది లొల్లి. "తండాల యాడి, బాపు ఎండల కూలికి పోతుంటే వీళ్లకు గేములు కావాల్నట." "ఆడేటోళ్ల పేర్లు రాసి ఇంటికి ఫోన్ చెయ్యాలె." "రిజర్వేషన్ సీటు వేస్ట్ చేస్తున్నరు." మొదటి రెండు మాటలు ప్రేమతోనే అన్నరనుకుంటం. మూడోది బయటోళ్లు మనల్ని అనే మాట. దాన్ని మనోళ్ల నోట విన్నందుకే ఈ జవాబు.

ముందుగ ఆ డబ్బా సంగతి. పట్నంల సెంట్రింగ్ పనికి పోయిన ఒక అన్న పండుగకు తెచ్చిండు. క్యాసెట్ మీద 9999 గేములని రాసి ఉంటది, లోపల అవే పది గేములు తిరిగి తిరిగి వస్తయి. కరెంటు ఉన్నప్పుడు పదిహేను మందిమి ఒక్క టీవీ ముందు కూసునేది. ఒకరు మారియో, ఇంకొకరు లుయీజీ. ఒకరు సచ్చేదాక ఇంకొకరు ఆగాలె. వంతు కోసం కొట్లాడినం, వంతు ఇచ్చుడు కూడా అక్కడనే నేర్చుకున్నం. నీలం ఆకాశం, ఆకుపచ్చ పైపులు, ఎర్ర టోపీ. మా ఇంట్ల అన్ని రంగులున్న వస్తువు యాడి కట్టుకునే అద్దాల ఫేటియా ఒక్కటే.

అది 1985లో జపాన్‌లో నింటెండో కంపెనీ విడుదల చేసిన ఆట అని, తయారు చేసినవాళ్లలో పెద్దాయన షిగెరు మియమోటో అని కాలేజీకి వచ్చినంకనే తెలిసింది. మా చేతిలో ఉన్నది నకలు డబ్బా అని కూడా అప్పుడే తెలిసింది. అసలుది కొనే పైసలు మాకేడివి? ఆ ఆట మొత్తం 40 కేబీ. ఈ గ్రూపుల పొద్దుగాల వచ్చే గుడ్ మార్నింగ్ ఫోటో ఒక్కటి అంతకన్న బరువుంటది. జాగ చాలక మేఘానికి, పొదకు ఒక్కటే బొమ్మ వాడిండ్రు. తెల్లరంగు వేస్తే మేఘం, పచ్చరంగు వేస్తే పొద. ఉన్నదాంతోనే ఇల్లు నడిపేటోళ్ల పిల్లలం, ఆ తెలివి విలువ మాకు తెలుసు.

మాకు ఇంట్ల గోర్‌బోలి, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లిష్. ప్రతి మెట్టు కాడ భాష రాక నోరు మూసుకున్నోళ్లమే. మారియో మాత్రం మమ్మల్ని భాష అడగలే. మొదటి లెవెల్ మొదట్లనే ఒక గోధుమరంగు బొమ్మ ఎదురొస్తది. ఉత్తగ నిలబడితే సస్తవు, దుంకితే బతుకుతవు. ప్రశ్న గుర్తు ఉన్న డబ్బాకు తల తగిలిస్తే నాణెం వస్తది. పుట్టగొడుగు తింటే పెద్దగైతవు. ఒక్క అక్షరం చదవకుండానే ఆట వచ్చేస్తది. తప్పు చేస్తే "మీవోళ్లకు ఇది రాదు" అని ఎవరూ అనరు. మళ్ల నిలబెట్టి మళ్ల దుంకమంటది. ఒక్క బ్యాక్‌లాగ్ పడంగనే చదువు బంద్ చేసి పనికి పోయిన సోపతిగాళ్లు మాకున్నరు. వాళ్లకు "మళ్ల రాయి, ఏం కాదు" అని చెప్పినోళ్లు ఎంతమంది?

అట్లని మారియో ఆడితే పరీక్ష పాసైతమని మేం అంటలేం. ఆట ఆటనే. సంతోషం కోసం ఆడినం. ఆ సంతోషానికి కూడా లాభం చూపించి పర్మిషన్ తీసుకోవాల్నా అనేదే మా ప్రశ్న. పైసలున్నోళ్ల కొడుకు ఆడితే హాబీ, తండ్రే ప్లేస్టేషన్ కొనిస్తడు. మనం ఆడితే స్కాలర్‌షిప్ ఆగం చేసినట్టు. వాడు ఫెయిలైతే వాడొక్కడే ఫెయిల్. మనం ఫెయిలైతే జాతి మొత్తం ఫెయిల్. ఆ బరువు మోసుకుంటనే చదువుతున్నం. వారానికి ఒక్క గంట దాన్ని కింద పెడితే తప్పా? తీజ్‌కు తొమ్మిది రోజులు ఆడిపాడే తండాలు మనవి. పంట పోయిన ఏడు కూడా మా తండాల తీజ్ ఆపలే.

అన్నల భయం ఉత్తదే అని మేం అనం. పైసలు పెట్టి ఆడే రమ్మీ, బెట్టింగ్ యాప్‌లల్ల మునిగినోళ్లు మా మధ్యనే ఉన్నరు. మెస్సు పైసలు పోగొట్టుకొని నెలంతా మొఖం చాటేసినోడు మా రూమోడే. పైసలతో ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది, 2025లో కేంద్రం కూడా చట్టం తెచ్చింది. అయినా లింకులు వస్తనే ఉన్నయి. ఈ గ్రూపులనే వచ్చినయి. అప్పుడు ఎంతమంది అడ్డం చెప్పిండ్రు? రెండిటినీ "గేములు" అని ఒకే గాటన కట్టేస్తే, హాల్లో అందరి ముందు ఆడినోడు తిట్లు తింటడు, దుప్పట్ల దాసుకొని పందెం కాసేటోడు తప్పించుకుంటడు. మారియోలో వంద నాణేలు పోగైతే ఒక ప్రాణం వస్తది. బెట్టింగ్‌ల పైసలు పోయి ప్రాణాలు తీసుకున్నోళ్ల వార్తలు చదువుతనే ఉన్నం. ఈ తేడా తెలియకుండ చేసే కట్టడి ఎవరినీ కాపాడదు.

మా తప్పు ఒకటి కూడా ఒప్పుకుంటం. పైన పదిహేను మందిమి అని రాసినం గానీ, అందుల చెల్లెళ్లు చూసినోళ్లే, జాయ్‌స్టిక్ వాళ్ల చేతికి ఇచ్చింది లేదు. ఈసారి పండుగకు పోయినప్పుడు మొదటి వంతు వాళ్లదే.

మేం అడిగేవి మూడే. పేర్లు గ్రూపుల పెట్టుడు, ఇంటికి ఫోన్ చేసుడు బంద్ చెయ్యాలె. యాడికి మారియో ఎవడో తెల్వదు, "నీ కొడుకు గేమ్ ఆడుతున్నడు" అంటే జూదమనుకొని ఏడుస్తది. బెట్టింగ్ లింకు ఎవరు పెట్టినా, ఎంత సీనియర్ అయినా, అదే రోజు గ్రూపుల నుంచి తీసెయ్యాలె. ఆదివారం రాత్రి ఒక్క గంట మమ్మల్ని ఆడుకోనియ్యాలె. పరీక్షల నెలలో డబ్బాను మేమే అటకెక్కిస్తం.

సీటు వేస్ట్ అన్న అన్నా, కోపం లేదు. వచ్చే ఆదివారం రాండ్రి. రెండో జాయ్‌స్టిక్ మీకే. ఎనిమిదో వరల్డ్ మాలో ఎవరం ఇంకా దాటలే.

మీ సిద్దిపేట హాస్టల్ పోరలం