నేలమీది విమానానికి కావలి ఎవరు?

2024 మార్చి 18. మిరప కోతల కాలం. మద్రాసు రోడ్డుకి మైలు దూరంలో మా కళ్ళం. కాయలు ఆరబోసి, మా అమ్మా నేనూ కూలీలతో కలిసి తాలుకాయ ఏరుతున్నాం. ఉన్నట్టుండి ఆకాశం చిరిగిపోయినంత మోత. తలెత్తి చూస్తే సుఖోయ్ యుద్ధవిమానం. రోడ్డుమీదికి వాలినట్టే వాలి, దిగకుండానే మళ్ళీ పైకి లేచిపోయింది. తరవాత ఏ.ఎన్.-32 రవాణా విమానం వచ్చి నిజంగానే రోడ్డుమీద దిగింది, మళ్ళీ లేచి వెళ్ళింది. కూలీలంతా చేతిలో కాయ చేతిలోనే పెట్టుకుని నిలబడిపోయారు. మా నాన్న మాత్రం ఒకటే అడిగాడు.

“అది దిగేటప్పుడు గొడ్డు అడ్డమొస్తే ఎట్టారా? పైనున్నోడికి ఎవరు చెప్పాల?”

“పోలీసులున్నారుగా నాన్నా” అన్నాను.

“ఇయ్యాల ఉన్నార్లే” అని మళ్ళీ కాయల్లో పడ్డాడు.

అప్పుడే ఇంటర్ పరీక్షలు ముగించుకుని ఇంటికొచ్చిన రోజులవి. భౌతికశాస్త్రం అంటే నాకు వచ్చుననే అనుకునేవాణ్ణి. కాని మా నాన్న ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాను. ఈ కాలేజీలో చేరిన తరవాత, లైబ్రరీలో కూర్చుని తెలుసుకున్నంతలో ఆ జవాబు చెప్పడానికే ఈ వ్యాసం.

మన సంచికకు గుంటూరు, ప్రకాశం జిల్లాల పాఠకులే ఎక్కువ కనక మా రోడ్డు సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది. అద్దంకి ప్రాంతంలో కొరిశపాడు, రేణింగవరం గ్రామాల మధ్య 16వ నంబరు జాతీయ రహదారిలో 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పున కాంక్రీటు పరిచి, వైమానిక దళానికి అక్కరకొచ్చే రన్‌వేగా తయారుచేశారు. 2022 డిసెంబరు 29న మొదటిసారి విమానాలను తెచ్చి పరీక్షించారు. 2024లో మేము చూసింది రెండోసారి. యుద్ధం వస్తేనే కాదు, తుఫాను వచ్చినా అది పనికొస్తుంది. 1977 నవంబరు ఉప్పెన సంగతి మన తాతలు చెబుతుంటే విన్నవాళ్ళం. రోడ్లు తెగిపోయి, తిండీ మందులూ అందని రోజున ఆ నాలుగు కిలోమీటర్ల కాంక్రీటు ఎన్ని ప్రాణాలు నిలబెట్టగలదో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. అందుచేత ఆ రన్‌వే వద్దని నేననను. కాని దానికి కావలి సరిగా ఉండాలని అంటాను.

మా తాత జొన్నచేలో మంచె కట్టుకుని, వడిసెల పట్టుకుని కాపలా కాసేవాడట. విమానాశ్రయంలో కంట్రోల్ టవర్ కూడా అటువంటి మంచే. పైన కూర్చున్న అధికారి అద్దాల్లోంచి చూస్తూ ఏ విమానం ఎటు పోవాలో, ఏ జీపు ఎక్కడ ఆగాలో రేడియోలో చెబుతుంటాడు. ఎండ కాస్తున్నప్పుడు మంచెకు తిరుగులేదు. కాని పుష్యమాసం తెల్లవారుజామున మన చేలల్లో పొగమంచు దిగితే పక్క గట్టు కనపడుతుందా? మంచెమీద ఎంత మొనగాడు కూర్చున్నా కళ్ళు లేనివాడే.

1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫ్ దీవిలో జరిగింది ఇదే. రెండు బోయింగ్ 747 విమానాలు ఒకే రన్‌వే మీద ఉన్నాయి. ఒకటి ఇంకా పక్కకు తప్పుకోకముందే రెండోది అనుమతి రాకుండానే ఎగరడానికి పరుగు తీసింది. పొగమంచులో వాటికి ఒకటి కనపడలేదు. టవర్‌లో ఉన్నవాళ్ళకు రెండూ కనపడలేదు. నేలను చూసే రాడార్ అక్కడ లేదు. 583 మంది పోయారు. విమాన చరిత్రలో ఇంతమందిని బలిగొన్న ప్రమాదం ఇంకొకటి లేదు. ఆ రెండు విమానాలూ గుద్దుకున్నది ఆకాశంలో కాదు, నేలమీద!

“రాడార్ ఉందిగా, అన్నీ అదే చూస్తుంది” అని మనలో చాలామంది అనుకుంటాం. ఆకాశాన్ని చూసే రాడార్‌కు నేలమీది సంగతి తెలియదు. నేల, కట్టడాలు, చెట్లు అన్నీ తరంగాలను తిప్పికొడితే ఆ గందరగోళంలో విమానం కలిసిపోతుంది. అందుకని నేలకు వేరే రాడార్ కావాలి. అది చిన్న తరంగాలతో, సాధారణంగా సెకనుకొక చుట్టు తిరుగుతూ, రన్‌వే మీద ఉన్న ప్రతి వస్తువునీ పట్టుకుంటుంది. ఏది అడ్డమొచ్చినా ఒక చుక్క చూపిస్తుంది. కాని ఆ చుక్క ఎవరిదో చెప్పలేదు. జోరున వాన కురిస్తే తడబడుతుంది. కట్టడం చాటున ఉన్నది దానికి కనపడదు.

రెండో పద్ధతి పిలిచి పలికించుకోవడం. విమానంలో ఉండే ట్రాన్స్‌పాండర్ అనే పెట్టె 1090 మెగాహెర్ట్జ్ తరంగం మీద తన గుర్తు చెబుతుంది. విమానాశ్రయం చుట్టూ పెట్టిన గ్రాహకాలు ఆ పలుకును వింటాయి. దగ్గర ఉన్నదానికి ముందు వినపడుతుంది, దూరాన ఉన్నదానికి వెనక. ఆ కాలభేదం నుంచి విమానం ఎక్కడున్నదో లెక్క కడతారు. రెండు స్థిర బిందువుల నుంచి దూరాల భేదం మారకుండా ఉండే బిందువుల పథం ఏమిటి? అతిపరావలయం! మార్కుల కోసం మనం బట్టీపట్టి, పరీక్ష కాగానే మరిచిపోయిన అతిపరావలయమే. అటువంటివి రెండు మూడు గీస్తే అవి ఖండించుకున్న చోటే విమానం. కాంతి ఒక నానోసెకనులో పోయే దూరం 30 సెంటీమీటర్లు. గడియారాల మధ్య 10 నానోసెకన్ల పొరపాటు వచ్చిందంటే దూరంలో 3 మీటర్ల తేడా. అంత నిక్కచ్చిగా కాలాన్ని కొలవగలిగారు కనకనే ఈ పద్ధతి సాధ్యపడింది. ఇవిగాక, ఉపగ్రహాల సాయంతో తానెక్కడున్నదో తెలుసుకుని తానే చాటుకునే పరికరాలు కూడా వచ్చాయి. వాటిని విమానాలకే కాదు, జీపులకూ, ఫైరింజన్లకూ కూడా బిగించవచ్చు.

ఈ మూడింటినీ కలిపి ఒకే తెరమీద చూపించి, ప్రమాదం ముంచుకొస్తే హెచ్చరించే ఏర్పాటు ఇప్పుడు పెద్ద విమానాశ్రయాల్లో ఉంది. చలికాలం పొగమంచుకి పేరుపడ్డ ఢిల్లీలో ఉంది. అమెరికాలో ఇటువంటి ఖరీదైన ఏర్పాటు 35 విమానాశ్రయాల్లో పెట్టారు. మిగిలిన వాటిలో కొన్నింటికి 2024 నుంచి చవక పద్ధతి ఒకటి తెచ్చారు. అది తానెక్కడున్నదీ తానే చాటుకునే వాటిని ఆధారం చేసుకునేది.

ఇక్కడే నాకు మా నాన్న ప్రశ్న గుర్తొస్తుంది. పలికేవాళ్ళ సంగతి సరే. పలకనివాళ్ళ మాటేమిటి? గేదెకు ట్రాన్స్‌పాండర్ ఉండదు. పత్తి మూటలతో పోయే బండికి ఉండదు. సైకిల్‌మీద పాలక్యాను పెట్టుకుని రోడ్డు దాటే ముసలాయనకు ఉండదు. పిలిస్తే పలికేదాన్నే లెక్కలోకి తీసుకునే యంత్రానికి వీళ్ళు లేనట్టే. చవకగా అవుతుంది గదా అని ఆ ఒక్క పద్ధతినే నమ్ముకుంటే మనదేశంలో చాలదని నా అభిప్రాయం. 2020 ఫిబ్రవరి 15న పూణే రన్‌వే మీద ఎయిర్ ఇండియా విమానం పరుగు తీస్తుండగా ఎదురుగా ఒక జీపు, ఒక మనిషి కనపడ్డారు. పైలట్ వేళకు ముందే విమానాన్ని పైకి లేపి వాళ్ళను తప్పించాడు. విమానానికి దెబ్బ తగిలింది గాని ఢిల్లీలో క్షేమంగా దిగింది. ఆ జీపును పట్టుకున్నది పైలట్ కన్ను. ప్రతిసారీ మనిషి కన్ను, అదృష్టం ఒకచోట కలుస్తాయా?

“విమానాలెక్కేది డబ్బున్నవాళ్ళు. వాళ్ళ కోసం ఇంత ఖర్చా? ఆ డబ్బుతో మంచినీళ్ళ చెరువులు తవ్వించకూడదా, మిర్చికి ఇంకో శీతల గిడ్డంగి కట్టకూడదా?” అని మా హాస్టల్ మిత్రుడొకడు వాదించాడు. న్యాయమైన మాటే. మా ఇంట్లో ఈనాటికీ విమానం ఎక్కినవాళ్ళు లేరు. కాని మిత్రులారా, విమానంలో కూర్చునేవాడు ఒక తరగతి అయితే, విమానం చుట్టూ నేలమీద పనిచేసేవాడు ఇంకో తరగతి. వాడు మనవాడు.

మా పెదనాన్నగారి అబ్బాయి రెండేళ్ళు వరసగా పత్తి దెబ్బతిని, కౌలు కట్టలేక, ఒక పెద్ద విమానాశ్రయంలో కాంట్రాక్టరు కింద గడ్డి కోసే ట్రాక్టరు తోలే పనికి చేరాడు. ఒక శీతాకాలం రాత్రి పని ముగించుకుని తెల్లవారుజామున వస్తుంటే మంచు కమ్మేసి దారి తప్పాడు. తానున్నది ఏ దారో తనకు తెలియదు. రేడియోలో అడిగేవాళ్ళకీ తెలియదు. ట్రాక్టరుకి జాడ చెప్పే పెట్టె లేదు. “ఇంజను ఆపి, కదలకుండా కూర్చుని దేవుడికి దండం పెట్టుకున్నా తమ్ముడూ” అన్నాడు, సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు. ఆ పూట ఏమీ కాలేదు. అందుకే అది ఏ పత్రికలోనూ రాలేదు.

ఇటలీలో మిలాన్ నగరపు లినాటే విమానాశ్రయంలో 2001 అక్టోబరు 8న పొగమంచులో దారి తప్పిన చిన్న విమానం రన్‌వే మీదికి వచ్చి, ఎగరబోతున్న పెద్ద విమానానికి అడ్డుపడింది. 118 మంది చనిపోయారు. అందులో నలుగురు విమానం ఎక్కినవాళ్ళు కారు. సామాన్ల షెడ్డులో పని చేసుకుంటున్నవాళ్ళు. పాత నేల రాడార్‌ను తీసేశారు, కొత్తది ఇంకా పని మొదలుపెట్టలేదు. పాత బావి పూడ్చేసి కొత్త బోరు వేయించేలోపల పైరు ఎండిపోయినట్టుంది కథ. ఆ నలుగురి ఇళ్ళు మన ఇళ్ళలాంటివే అయివుంటాయని నాకనిపిస్తుంది.

యంత్రం పెట్టినంత మాత్రాన పని అయిపోదు. 2024 జనవరి 2న టోక్యోలోని హనేడాలో దిగుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం, రన్‌వే మీద ఆగి ఉన్న తీరరక్షక దళం విమానాన్ని గుద్దింది. పెద్ద విమానంలోని 379 మందీ మంటల్లోంచి బయటపడ్డారు. భూకంప బాధితులకు సహాయ సామగ్రి తీసుకుపోవలసిన ఆ చిన్న విమానంలో ఐదుగురు చనిపోయారు. రన్‌వే ఖాళీగా లేదని తెర ఒక నిమిషానికి పైగా హెచ్చరిస్తూనే ఉంది. అధికారి గమనించలేదు. ప్రమాదం తరవాత వాళ్ళు చేసిన మొదటి పనుల్లో ఒకటి ఏమిటో తెలుసా? ఆ తెరను మాత్రమే చూస్తూ ఉండటానికి ఒక మనిషిని ప్రత్యేకంగా పెట్టారు. ఎలక్ట్రానిక్స్‌లో పేరుమోసిన దేశం చివరికి మంచెమీద ఇంకో మనిషిని కూర్చోబెట్టింది! ఇందులో నవ్వుకోవలసింది ఏమీ లేదు, నేర్చుకోవలసింది ఉంది.

కనక నేను చెప్పదలచుకున్నది మూడు ముక్కలు.

ఒకటి. విమానాశ్రయం చిన్నదైనా పెద్దదైనా, రన్‌వే దరిదాపులకు పోయే ప్రతి బండికీ, కాంట్రాక్టరు గడ్డి ట్రాక్టరుతో సహా, జాడ చెప్పే పరికరం ఉండాలి. విమానం ఖరీదు ముందు దాని ఖరీదు ఏపాటి?

రెండు. మా రోడ్డు రన్‌వే లాంటి చోట పలకనివాళ్ళను కూడా చూసే కన్ను కావాలి. విమానం దిగే రోజున ఒక బండిమీద తెచ్చి పెట్టుకోగల నేల రాడార్, దానికి తోడు రాత్రిపూట వేడినిబట్టి మనిషినీ పశువునూ పట్టుకునే కెమెరాలు ఉండాలి. పరీక్షల రోజున వాహనాలను వేరే దారిన మళ్ళించారు, కాపలా పెట్టారు. కాని పరీక్షకు తేదీ ఉంటుంది. తుఫాను తేదీ చెప్పి రాదు. ఆ రాత్రి కరెంటు ఉండదు, ఫోను మోగదు. అప్పుడు ఏ గొడ్డు ఏ పొలంలోంచి తాడు తెంచుకుని వస్తుందో తెలిసినవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. ఊరికి నలుగురు కుర్రవాళ్ళకు ముందుగా తర్ఫీదు ఇచ్చి కాపలాలో కలుపుకోవాలి.

మూడు. యంత్రం చెప్పింది వినడం ఫలానావారి బాధ్యత అని ముందే తేల్చాలి. అందరి బాధ్యత అంటే ఎవరిదీ కాదని మన కళ్ళాల కాపలా దగ్గరే చూస్తున్నాం.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు మా నాన్నకు ఇదంతా చెప్పాను. అతిపరావలయం సంగతి పలకమీద గీసి చూపించాను. చివరిదాకా విని, “అయితే గొడ్డును చూసే మిషను ఉందన్నమాట” అన్నాడు.

“ఉంది నాన్నా.”

“మన రోడ్డుకి పెట్టారా?”

అప్పుడు కూడా నేను జవాబు చెప్పలేకపోయాను. ఈసారి తప్పు నా చదువుది కాదు. మా నాన్నకు ఆ జవాబు చెప్పవలసినవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళను అడగవలసినవాళ్ళం మాత్రం మనమే.

— బి.ఎస్సీ. (ఎం.పి.సి.) విద్యార్థి